రెండో జూలీ

నేను బాపట్లలో బి.యస్సీ. జంతుశాస్త్రం చదివాను. చదివానంటే మూడేళ్ళు కాలేజీకి వెళ్ళాను, నాలుగో ఏడు పరీక్షకి వెళ్ళాను, ఐదో ఏడు పాసయ్యాను. ఈ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత మీరు అడిగే అవస్థ ఉండదు.

నా పేరు మోషే. మా ఆవిడ పేరు సామ్రాజ్యం. మా ఇంట్లో పరిపాలన ఎవరిదో ఇక విడిగా చెప్పక్కర్లేదు.

డిగ్రీ వచ్చాక రేపల్లెలో పాండురంగారావు గారి ట్యుటోరియల్ కాలేజీలో తొమ్మిదేళ్ళు కప్ప జీర్ణవ్యవస్థ చెప్పాను. తొంభై మూడులో ఆయన రొయ్యల చెరువులు తవ్వించి ట్యుటోరియల్ మూసేశాడు. "పిల్లలకంటే రొయ్యలే నయమయ్యా మోషే. చెప్పినమాట వినకపోయినా పెరుగుతాయి," అన్నాడు. ఆనాటి నుంచి ఊరంతా ఆయన్ని రొయ్యల పాండురంగారావు అనడం మొదలుపెట్టింది. నన్ను ఏమీ అనలేదు. అనడానికి నేనేమీ చేయడం లేదు.

మా ఆవిడ తెనాలిలో మూడో తరగతి టీచరు. అందుకని తెనాలి మారీసుపేటలో ఒక పెంకుటింట్లో చేరాం. ఆవిడ బడికి వెళ్ళేది. నేను ఇంట్లో ఉండేవాణ్ణి. అలా ఏడు నెలలు ఉన్నాను. ఊరికే ఉండటం కూడా పనేనండీ, కాకపోతే దానికి ఆదివారం సెలవుండదు.

ఒకరోజు బ్యాంకులో నిలబడి ఉండగా మేనేజరు నరసింహారావు గారు ఫోనులో ఎవరితోనో వాపోతున్నాడు. ఈయన అప్పు కోసం వచ్చినవాళ్ళందరికీ ఒకటే జవాబు చెబుతాడు కనుక తెనాలిలో ఆయన్ని 'రేపు రండి నరసింహారావు' అంటారు. నెల్లూరులో పెళ్ళట. నాలుగు రోజులు వెళ్ళాలట. ఇంట్లో కుక్కని ఎవరికి అప్పజెప్పాలో తెలియడం లేదట.

ఏడు నెలలుగా పెట్టె అడుగున పడుకున్న నా డిగ్రీ ఒక్కసారి లేచి కూర్చుంది.

"సామ్రాజ్యం, నా చదువుకి దారి దొరికింది," అన్నాను ఇంటికి రాగానే.

"ఎక్కడికండీ?" అంది ఆవిడ, అంట్లు తోముతూ.

"ఊళ్ళకెళ్ళేవాళ్ళు పెంపుడు జంతువుల్ని మన దగ్గర వదిలివెళ్తారు. మనం చూసుకుంటాం."

"మనం అంటే?"

"మనం అంటే... నేనే."

"మరి మనం అన్నారేంటి?"

"వ్యాపారంలో అలాగే అంటారు."

"అనేది మీరు, చేసేది నేను," అంది. కోపంగా కాదు. ఆ మధ్య ఆవిడ దేన్నీ కోపంగా అనడం లేదు. కోపానికి కూడా కాస్త ఓపిక ఉండాలి.

"ఇది శాస్త్రం సామ్రాజ్యం. నీకు తెలియదు."

"మా నాన్న అడవులదీవిలో ఆరు గేదెల్ని, నలభై బాతుల్ని పెంచాడండి. శాస్త్రం సంగతి వాటికీ తెలియదు."

బోర్డు రాయించాను. 'మోషే జంతు సంరక్షణ కేంద్రం' అని రాయమంటే పెయింటరు 'జంతు మోషే సంరక్షణ కేంద్రం' అని రాశాడు. నేను లబోదిబోమన్నాను. మా ఆవిడ బడి నుంచి వచ్చి, గొడుగు మడిచి, బోర్డు నిదానంగా చదివింది.

"దిద్దించకండి. ఏడు నెలల నుంచీ నేను నడుపుతున్నది అదేగా," అని లోపలికి వెళ్ళిపోయింది.

మొదటి ఖాతాదారు పక్కింటి మదార్‌బీ గారి చిలక. ఆవిడ దుగ్గిరాలలో కూతురి దగ్గరికి వెళ్తూ పంజరం మా అరుగు మీద పెట్టి, "వారం రోజులు చూడు నాయనా, జామకాయలు పెడితే చాలు," అంది. ఆ చిలక రెండు రోజులు మౌనంగా మమ్మల్ని పరిశీలించింది. మూడో రోజు పొద్దున్నే అచ్చం మా ఆవిడ గొంతుతో, "ఏమండీ! వింటున్నారా?" అంది.

అప్పటిదాకా సాయంత్రం అయిదింటికి గాని మొదలుకాని ఆ పిలుపు ఇప్పుడు పగలంతా వినబడసాగింది. ఆవిడ బడికి వెళ్ళినా నాకు విశ్రాంతి లేకుండా పోయింది.

రెండో ఖాతాదారు జూలీ. బుధవారం పొద్దున నరసింహారావు గారు, వారి భార్య సరోజ గారు స్వయంగా తీసుకొచ్చారు. తెల్లగా, దూదిపింజలా, గంపెడు జుట్టుతో ఉంది.

"పాలు, బ్రెడ్డు పెట్టండి. నీచు ముట్టదు," అంది సరోజ గారు. "దాని ఎదురుగా కుక్క అనకండి. చిన్నబుచ్చుకుంటుంది."

"జూలీ మాకు కూతురితో సమానం మోషే గారూ," అన్నాడు మేనేజరు. తర్వాత కాసేపు ఆలోచించి, "మీ ఆవిడ జీతం మా బ్రాంచిలోనే కదూ పడేది?" అన్నాడు.

ఈ రెండు మాటలకీ సంబంధం ఏమిటో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.

జూలీ నా చేత్తో పెడితే పాలు ముట్టలేదు. సామ్రాజ్యం పెడితే గిన్నె అడుగు దాకా నాకింది. నేను బోలెడు శాస్త్రం చెప్పి దగ్గరికి పిలిస్తే మంచం కిందికి వెళ్ళింది. ఆవిడ చీపురు పట్టుకుని "ఇలా రావే" అంటే వచ్చి కాళ్ళ దగ్గర పడుకుంది. పొద్దున్నే నాలుగున్నరకి లేచే మనిషికి ఇంకో పని తగులుకుంది. ఆవిడ నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు నేను వినలేదన్నట్టు పుస్తకం తిరగేశాను.

పుస్తకంలో స్నానం గురించి ఉంది. గురువారం ఆవిడ బడికి వెళ్ళగానే వేపాకు కాచిన నీళ్ళు తొట్టెలో పోసి, జూలీని రెండు చేతులా పట్టుకుని అందులో దింపాను. సరిగ్గా ఆ సమయంలో అరుగు మీద నుంచి, "ఏమండీ! వింటున్నారా?" అని కేక.

పన్నెండేళ్ళ అలవాటు. నేను చేతులు రెండూ వదిలేసి, లేచి నిలబడి, "ఆఁ, వింటున్నా," అన్నాను.

జూలీ తొట్టెలోంచి దూకింది. ప్రహరీ తలుపు దాటింది. వీధి మలుపు తిరిగింది.

నేను తువ్వాలుతో కాలువగట్టంతా తిరిగాను. రిక్షా స్టాండులో, కూరగాయల మార్కెట్లో, రైలు గేటు దగ్గర "జూలీ! జూలీ!" అని అరిచాను. ఒకాయన, "మీ ఆవిడ కోపంగా వెళ్ళిపోయిందా అన్నయ్యా?" అని ఓదార్చాడు. రెండింటికి ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాను. సామ్రాజ్యం ముఖం, మేనేజరు ముఖం, జీతం రోజు, అన్నీ వరసగా కళ్ళముందు నిలబడ్డాయి.

అప్పుడు గుర్తొచ్చింది. బాపట్లలో మా లెక్చరరు గారి ఇంట్లో ఇలాంటి తెల్లకుక్కలు ఉండేవి. మేనేజరు వాళ్ళు రావడానికి ఆదివారం మధ్యాహ్నం దాకా గడువుంది. ఒక చీటీ రాశాను: 'సామ్రాజ్యం, జూలీ లోపలి గదిలో నిద్రపోతోంది. లేపకు. నేను మందుల కోసం గుంటూరు వెళ్తున్నాను.' చీటీ గడియారం కింద పెట్టి, బాపట్ల రైలెక్కాను.

కాలేజీలో మా రోజుల్లో ప్రయోగశాల అటెండరుగా ఉన్న జాన్ సైదా ఇంకా ఉన్నాడు. నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వు కప్పని కోస్తూ కప్ప పక్కనే పడిపోయిన మోషేవి కదూ?"

"అవును బాబాయ్."

"దానికైతే మత్తిచ్చాం. నీకు ఇవ్వకుండానే పడ్డావు," అని మురిసిపోయాడు. నా గోడు విని, "సారు రిటైరై వెళ్ళిపోయారు. చివరి కుక్కపిల్లని నిరుడు రేపల్లె ఆయనెవరో తీసుకెళ్ళాడు. రొయ్యల చెరువుకి కాపలా పెడతాడట," అన్నాడు.

రొయ్యల చెరువుకి దూదిపింజని కాపలా పెట్టేవాడు ఈ లోకంలో ఒక్కడే ఉంటాడు. శుక్రవారం బస్సులో చెరుకుపల్లి మీదుగా రేపల్లె వెళ్ళి పాండురంగారావు గారి ముందు నిలబడ్డాను.

"పులిలాగా పెరుగుద్దనుకున్నానయ్యా," అన్నాడు ఆయన దిగులుగా. "ఎంత మేపినా పిల్లంతే ఉంది. దొంగలొస్తే తోకూపుద్ది. దొంగలకంటే ఎక్కువ రొయ్యలు తింటది. పుణ్యముంటుంది, పట్టుకుపో."

ఊరికే ఇస్తానన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. ఎందుకంటే దాన్ని పట్టుకోవడానికే శనివారమంతా పట్టింది. అది చెరువు గట్టున పరుగెత్తేది, నేను చెరువులో పడేవాణ్ణి. కూలీలు పని ఆపి చూశారు. చివరికి గుప్పెడు రొయ్యలు చూపించి పట్టుకున్నాను. నాలుగుసార్లు సబ్బుతో రుద్దితే బురద కింద తెల్లరంగు కనబడింది. పౌడరు రాస్తే జూలీ అయింది. నా కళ్ళకి మాత్రం అచ్చం జూలీయే.

ఆదివారం రైల్లో తెనాలి చేరేసరికి పదకొండు దాటింది. వీధి మలుపు తిరిగి చూస్తే ఇంటి ముందు టాక్సీ ఉంది. నరసింహారావు గారూ, సరోజ గారూ అరుగు మీద కుర్చీల్లో కాఫీ తాగుతున్నారు.

"అబ్బ! జూలీని షికారుకి తిప్పుతున్నారా?" అని సరోజ గారు ఎదురొచ్చి దాన్ని గుండెలకి హత్తుకుంది. మరుక్షణం ముక్కు చిట్లించింది. "ఇదేంటండీ, రొయ్యల వాసన వస్తోంది?"

"బలానికండీ."

"నీచు ముట్టదని చెప్పానుగా!"

"ఇష్టంగానే తిందండీ," అన్నాను. ఆ మాటలో అబద్ధం లేదు.

అది ఆవిడ చేతుల్లోంచి గింజుకుని కిందికి దూకింది. అరుగంతా వాసన చూసింది. తిన్నగా నరసింహారావు గారి కొత్త సూటుకేసు దగ్గరికి వెళ్ళి, తాపీగా వెనక కాలు పైకెత్తింది.

అది పని పూర్తిచేసుకుంది.

"మోషే గారూ," అన్నాడు మేనేజరు, "మీ డిగ్రీ జంతువుల మీదేనా?"

"అవునండి."

"ఆడదో మగదో అనేది అందులో ఏ సంవత్సరంలో చెబుతారు?"

భూమి చీలితే బావుండుననుకున్నాను. చీలలేదు. లోపలి నుంచి తలుపు తెరుచుకుంది. తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని సామ్రాజ్యం వచ్చింది. ఆవిడ చంకలో మిలమిలలాడుతూ అసలు జూలీ ఉంది.

"ఇదిగోండమ్మా మీ పిల్ల," అంది. "ఒక్కర్తే దిగులుపడుతోందని మావారు ఎక్కడెక్కడో తిరిగి దానికి తోడు తీసుకొచ్చారు. ఏ పనైనా ఒళ్ళు దాచుకోరండీ ఆయన."

ఆ చివరి మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

సరోజ గారి కళ్ళు చెమర్చాయి. "డిగ్రీ చదివిన మనిషి మరి!" అంది. మేనేజరు సూటుకేసు తుడుచుకుంటూ, "మీకు ఏం కావాలన్నా ఇవాళే బ్యాంకుకి రండి," అన్నాడు. ఆదివారం బ్యాంకు తీసి ఉండదని వాళ్ళ టాక్సీ వెళ్ళాక గాని నాకు తట్టలేదు.

ఇద్దరం మిగిలాం. రెండో జూలీ గుమ్మంలో పడుకుంది.

"ఎక్కడ దొరికింది?" అన్నాను.

"దొరకడం ఏంటండీ? గురువారం పదిన్నరకల్లా ఒళ్ళంతా వేపాకుతో నా క్లాసుకొచ్చి బల్ల కింద కూర్చుంది. సాయంత్రం చంకనేసుకుని ఇంటికొస్తే మీ చీటీ ఉంది. జూలీ నిద్రపోతోంది, లేపకు అని. దాన్ని ఎత్తుకునే చదివాను."

నేను తల వంచుకున్నాను. "రేపల్లెలో పాండురంగారావు గారి ఇంటికి ఫోన్ చేసి అడగొచ్చుగా నా గురించి?"

"గుంటూరు వెళ్ళిన మనిషి గురించి రేపల్లెలో ఎందుకు అడుగుతానండీ?"



ఆవిడ మెట్టు మీద కూర్చుంది. "చెప్పమంటారా? గురువారం అన్నం నేనే వండాను, గిన్నెలు నేనే తోమాను, నీళ్ళు నేనే తోడాను. అయినా పని సగమే ఉంది. ఇదేంటా అని చాలాసేపు ఆలోచించాను. శుక్రవారం చిలకని కూడా మదార్‌బీ గారు తీసుకెళ్ళారు. శనివారం సెలవు చీటీ పంపించి పడుకున్నానండి. ఎనిమిది గంటలు. ఏడు నెలల్లో అంత నిద్రపోయింది అప్పుడే. మీరు కంగారుపడుతుంటారని తెలుసు. జాలేసింది కూడా. కాని నిద్ర ఇంకా ఎక్కువగా వచ్చింది."

నవ్వుతూ చెబుతుందనుకుని ముఖంలోకి చూశాను. నవ్వడం లేదు. ఏడు నెలలుగా ఎదురుగా ఉన్న ముఖమే. కళ్ళ కింద నలుపు అప్పుడే మొదటిసారి చూశాను. కప్ప గుండెలో గదులెన్నో నిద్రలో అడిగినా చెబుతాను. ఇది చూడలేకపోయాను.

"కేంద్రం మూసేస్తాను సామ్రాజ్యం."

"ఎందుకు మూయడం? సరోజ గారు ఇంకో ముగ్గురికి చెప్తానన్నారు. కుక్కల్ని నేను చూస్తా, పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ గంట. వాటితో నాకు అలుపు రాదు. వంట, అంట్లు, నీళ్ళు మీరు చూడండి."

"నాకు వంట రాదుగా."

"పుస్తకం కొనుక్కోండి. మీకు అలవాటేగా."

అలా ఆ కేంద్రంలో నాకు ఉద్యోగం వచ్చింది. మొదటి వారం అన్నం మాడింది, రెండో వారం పప్పు మాడింది, మూడో వారానికి నా చేతివేళ్ళు మాత్రమే మాడుతున్నాయి. జంతువులతో వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి, "అమ్మగారు లేరా?" అంటారు. నేను గరిటెతో బయటికొచ్చి, "బడికెళ్ళారండి," అంటాను. "అయితే సాయంత్రం వస్తాం," అని నన్ను దాటి వెళ్ళిపోతారు.

ఒక శుక్రవారం ఆవిడ బడి నుంచి వచ్చేసరికి ఇల్లు ఊడ్చి, అంట్లు తోమి, చిక్కటి కాఫీ పెట్టి చేతికిచ్చాను. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది. మెచ్చుకుంటుందని పక్కనే నిలబడ్డాను.

"ఏమండీ," అంది కళ్ళు తెరవకుండానే.

"చెప్పు సామ్రాజ్యం."

"మీ చెల్లెల్ని చూసి ఎన్నాళ్ళయిందండీ? శని, ఆదివారాలు అలా చీరాల వెళ్ళి రాకూడదూ?"

నేను లోపలికి వెళ్ళి చూశాను. నా సంచీ అప్పటికే సర్ది ఉంది.