కోచ్ రమ్మంటున్నాడు, పుస్తకం తీసుకురా

ఆ శనివారం పొద్దున ఆల్బర్ట్ కొవాచ్ పెట్టుకున్న పని ఒక్కటే, తన నోటు పుస్తకం వెనక్కి తెచ్చుకోవడం. ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి కాబట్టి ఎక్కడ ఎక్కించుకోవాలో, ఎక్కడ దింపాలో ముందే అనుకోనిదే గడప దాటడు.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. ఏటా ఆగస్టులో రివర్‌మెన్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు వాళ్ళ ఊరి కాలేజీలో మూడు వారాలు శిబిరం వేస్తుంది. వచ్చేది ఎనభై మంది, చివరికి జట్టులో మిగిలేది యాభై ముగ్గురు. మైదానం పక్క గడ్డి మిట్ట మీద మడత కుర్చీలు వేసుకుని, ఎవడు నిలుస్తాడు, ఎవడు మూట కడతాడు అని గొంతులు పోయేదాకా వాదించుకోవడం ఆ ఊరి పెద్దలకు ఆగస్టు నోము. ఆల్బర్ట్ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఒక్కొక్కడి పరుగూ, పట్టూ, తప్పూ ఎర్రట్ట పుస్తకాల్లో రాస్తూ వస్తున్నాడు.

మిట్ట మీద ఒక కట్టుబాటుంది. శిబిరం రెండో శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపల, ఎవరూ పట్టించుకోని కొత్తవాడినొకణ్ణి ఎంచుకుని, రాసిన పుస్తకం మిట్టకు పెద్ద దిక్కయిన ఇర్మా పిన్నికి చూపించాలి. వాడు జట్టులో నిలిస్తే గెలుపు. ఓడినవాళ్ళు సెప్టెంబరులో చర్చి తిరునాళ్ళలో బద్ధశత్రువు క్లీవ్‌లాండ్ జట్టు చొక్కా తొడుక్కుని ఊరందరికీ బంగాళాదుంప కూరిన పిరోగీ కుడుములు వడ్డించాలి. ఆ ఊళ్ళో క్లీవ్‌లాండ్ చొక్కా వేసుకోవడం కంటే చొక్కా లేకుండా తిరగడం మర్యాద. ఆల్బర్ట్ వరుసగా నాలుగేళ్ళు ఆ చొక్కా వేసుకున్నాడు. నాలుగేళ్ళూ ఆయన బావమరిది జీన్ ఫొటోలు తీసి ఫ్రేములు కట్టించాడు.

ఈసారి మాత్రం ఆల్బర్ట్‌కు గట్టి నమ్మకం కుదిరింది. నలభై మూడో నంబరు కుర్రాడు, డెజ్మండ్ టిలరీ. పేరు తెలియని కాలేజీ నుంచి వచ్చాడు, బంతి పట్టుకుని పరిగెత్తేవాడు. గెలుపు సంగతి అలా ఉంచి, ఆల్బర్ట్‌కు ఆ పిల్లాడంటే నిజంగా ముద్దొచ్చింది. నిన్న కంచె దగ్గర సంతకం కోసం పుస్తకం చేతికిస్తే, అంతలో లోపల హారన్ మోగింది. టిలరీ పుస్తకం చంకలో పెట్టుకునే పరిగెత్తిపోయాడు. పరుగు బాగుందని ఆల్బర్ట్ మురిసిపోయి చూశాడు గానీ, పుస్తకం పోయిందని ఇంటికొచ్చాక తట్టింది.

"మీ చొక్కా నీళ్ళల్లో పడేశాను. ఇది వేసుకోండి" అంది భార్య డొలోరెస్, చర్చి పాతబట్టల అమ్మకంలో తెచ్చిన బూడిదరంగు చొక్కా అందిస్తూ. జేబు మీద రివర్‌మెన్ గుర్తుంది. ఎప్పుడో జట్టు సిబ్బంది వేసుకున్నది.

"నాకు బావుందా?"

"మీకేం, ఉద్యోగస్తుల్లా ఉన్నారు."

ఆల్బర్ట్ మురిసిపోయి, పుస్తకం లేదు కదా అని బస్సు రోజుల నాటి అట్టకు కాగితాలు తగిలించుకుని చేత పట్టుకున్నాడు.

కాలేజీ పార్కింగులో నీలం పికప్‌కి ఆనుకుని జీన్ కాఫీ తాగుతున్నాడు. హైస్కూలు ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పించి నలభై ఏళ్ళయింది. అప్పటి నుంచి ఊళ్ళో ఆయన్ని కోచ్ అనే పిలుస్తారు. పాలవాడూ, ఫాదరూ, చివరికి తోడబుట్టిన డొలోరెస్ కూడా.

"బావా, నీ బంగారుకొండని ఓసారి ఇలా పంపు. నా పందెం రాసేముందు వాడి మోకాళ్ళు దగ్గర్నుంచి చూడాలి."

"నువ్వే వచ్చి చూడరాదూ, కోచ్?"

"మడమ నొప్పి. మెట్లెక్కలేను. కోచ్ రమ్మంటున్నాడని చెప్పు, వస్తాడు. నీ పుస్తకం కూడా తెచ్చెయ్యమను, రెండు పనులూ ఒక్కసారే అయిపోతాయి."

ఆల్బర్ట్‌కు అది తెలివైన ఆలోచనగానే తోచింది.

ఆటగాళ్ళు బసచేసిన హాస్టలు గుమ్మంలో కాపలావాడు ఆ చొక్కా చూశాడు, అట్ట చూశాడు, లేచి నిలబడి టోపీ తీశాడు. "ఇంత పొద్దున్నే మొదలెట్టేశారా సర్?" అన్నాడు జాలిగా. పొద్దున్నే వస్తే పని తొందరగా అవుతుందని ఆల్బర్ట్ నవ్వుతూ చెప్పాడు. కాపలావాడు నవ్వలేదు.

నడవాలో అడుగు పెట్టగానే పేకాట ఆగిపోయింది. వరసగా తలుపులు మూసుకున్నాయి. నూట నలభై కిలోల మనిషొకడు కూల్‌డ్రింకు యంత్రం వెనక దాక్కోబోయి, సగమే పట్టి, మిగతా సగాన్ని దేవుడికి వదిలేశాడు.

"నలభై మూడో నంబరు కుర్రాడి గది ఎక్కడ, నాయనా?" అని ఆ బయటున్న సగాన్ని అడిగాడు ఆల్బర్ట్.

యంత్రం వెనక నుంచి వేలొకటి మూడో తలుపు చూపించింది. తలుపు తీసినవాడు బంగారు రంగు జుట్టు కుర్రాడు. ఆల్బర్ట్ వాడి ముఖం సరిగా చూడకముందే చెప్పాల్సింది చెప్పేశాడు.

"కోచ్ రమ్మంటున్నాడు. పుస్తకం తీసుకురా."

కుర్రాడి ముఖంలో రక్తం ఇంకిపోయింది. "మా ఆవిడకి నిన్ననే ఫోన్ చేసి అంతా బావుందని చెప్పాను సర్" అన్నాడు సన్నగా.

"అయ్యో, నువ్వు కాదయ్యా! బంతి పట్టుకుని పరిగెత్తే నలభై మూడు."

ఒక్కో స్థానానికి కొన్ని నంబర్లే ఉండటంతో శిబిరంలో ఒకే నంబరు ఇద్దరికి ఇస్తారు, అడ్డుకునేవాడొకడు, పరిగెత్తేవాడొకడు. అడ్డుకునే నలభై మూడు ఆల్బర్ట్‌ను అమాంతం ఎత్తుకుని గిరగిరా తిప్పి దింపాడు. "నేను కాదు! నేను కాదు!" అని అరుస్తూ నడవా చివరిదాకా పరిగెత్తాడు. మంచి హుషారైన పిల్లలనుకున్నాడు ఆల్బర్ట్.

టిలరీ గది వెతికి పట్టుకుంటే, అతను స్నానం చేస్తున్నాడని అదే గదిలో ఉండే కుర్రాడు చెప్పాడు. "అయితే నువ్వే చెప్పు బాబూ. కోచ్ రమ్మంటున్నాడు, పుస్తకం తెమ్మన్నాడు. పార్కింగులో నీలం పికప్ దగ్గర."

"ఆఫీసుకి కూడా పిలవట్లేదా?" అన్నాడు వాడు, కళ్ళు చెమర్చి. "పార్కింగులోంచే పంపించేస్తారా?"

"ఆయనకి మడమ నొప్పి" అన్నాడు ఆల్బర్ట్. అంతకన్నా వివరం ఆయనకు అవసరమనిపించలేదు. ఎటూ పుస్తకం చేరేది జీన్ చేతికే కదా అని, మంచి చోటు పోకుండా నేరుగా మిట్ట ఎక్కి కుర్చీ వేసుకున్నాడు.

తొమ్మిదిన్నరకు హారన్ మోగింది. ఎనభై మంది రావలసిన మైదానంలోకి అరవై మంది వచ్చారు. పెద్ద కోచ్ అరుపులు మిట్ట దాకా వినిపించాయి. పెదవి దాటితే పృథ్వి దాటుతుందంటారు, ఇక్కడ కంచె దాటింది. పదింటికల్లా మిట్టంతా గుప్పుమంది. పనికిరానివాళ్ళని ఇంటికి పంపే ఏరివేత అనుకున్నదానికంటే ముందే మొదలైందట. ఎవరో కొత్తమనిషట, నవ్వుతూ వచ్చి తలలు తీస్తున్నాడట. కుర్రాళ్ళు లాండ్రీ బుట్టల్లోనూ, మంచాల కిందా దాక్కున్నారట. వాళ్ళని వెతకడానికి అసలు ఏరివేత ఉద్యోగి పెల్ గారు, బూడిదరంగు చొక్కాతో, చేతిలో అట్టతో లోపలికెళ్ళేసరికి, దాక్కున్నవాళ్ళు ఇంకా లోతుకి పోయారట.

"పాపం పిల్లలు" అని ఆల్బర్ట్ నొచ్చుకున్నాడు. "అలాంటి పని చేసేవాళ్ళకి రాత్రుళ్ళు నిద్రెలా పడుతుందో!"

పదకొండుంబావుకి జీన్ మిట్టెక్కి, ఆయాసపడుతూ లావుపాటి నల్లటి పుస్తకమొకటి ఆల్బర్ట్ ఒళ్ళో పడేశాడు. "ఇదిగో నీ పుస్తకం."

"నాది ఎర్రది కదరా! వాడేడీ?"

"బస్సెక్కించి వచ్చాను." జీన్ ముఖం వెలిగిపోతోంది. "సంచీతో సహా వచ్చాడు, బావా! 'మీరేనా కోచ్?' అన్నాడు. నలభై ఏళ్ళ నుంచీ నేనే అన్నాను. 'నాలో లోపమేంటి సర్?' అన్నాడు. ఎడమ మోకాలు లోపలికి తిరుగుతోందని ఉన్నమాట చెప్పాను. థాంక్స్ చెప్పి, ఇంటికెళ్ళే బస్సు ఎక్కడన్నాడు. నీ గుర్రం తనంతట తానే పారిపోతానంటే, దింపిరావడం నా ధర్మం కాదూ?"

ఆల్బర్ట్ నల్ల పుస్తకం తెరిచాడు. పేజీ నిండా గీతలు, గుండ్రాలు, బాణాలు. జట్టు ఎత్తులన్నీ ఉన్న రహస్య పుస్తకం, జట్టు వదిలేవాడు తిరిగి ఇచ్చెయ్యాల్సింది. దాన్ని బయట పోగొట్టినవాడికి జరిమానా, బయటివాడి దగ్గర దొరికితే పోలీసులు. దాన్నాయన చటుక్కున మూసి దానిమీద కూర్చున్నాడు.

ఎనభై ఏళ్ళ ఇర్మా పిన్ని బైనాక్యులర్స్ దించింది. "ఆల్బర్టూ, పొద్దున్న ఆ పిల్లాడికి ఏమని చెప్పావు? ఒక్కొక్క మాటా చెప్పు."

"ఏముంది పిన్నీ. కోచ్ రమ్మంటున్నాడు, పుస్తకం..."

ఇన్నేళ్ళుగా మిట్ట మీద చిన్నపిల్లలకు కూడా తెలిసిన మాట అది. ఇంటికి పంపాల్సిన ఆటగాడితో పెల్ గారు చెప్పే మాటలు అవే. ఒక్క అక్షరం ఎక్కువా ఉండదు, తక్కువా ఉండదు. ఆల్బర్ట్ ఆ మాట వెయ్యిసార్లు విన్నాడు, ఇతరులకు వివరించాడు. కానీ తన నోట్లో కోచ్ అంటే జీనే, పుస్తకం అంటే ఎర్రట్టదే.

"చొక్కా కూడా అదే వేసుకెళ్ళావు గదరా, నా తండ్రీ" అంది ఇర్మా పిన్ని. "పిల్లాడి నోటికాడ కూడు తీసేశావు."

ఆల్బర్ట్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పందెం గుర్తు రాలేదు. నిన్న తన పుస్తకాన్ని చంకలో పెట్టుకుని నవ్వుతూ పరిగెత్తిన కుర్రాడే కళ్ళముందు మెదిలాడు. "బస్సెప్పుడు?" అని అరిచాడు.

"పదకొండున్నరకి. ఇంకెక్కడ అందుతుంది?" అన్నాడు జీన్. జీన్ ముఖంలో కూడా వెలుగు ఆరిపోయింది. ఎంతైనా పిల్లలకు ఆట నేర్పిన మనిషే.

ఆల్బర్ట్ స్టేషనుకు వెళ్ళలేదు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఊరికే పోదు. ఏ బస్సయినా రైలు పట్టాలు దాటేముందు ఆగి తలుపు తెరిచి, చెవి పెట్టి విని మరీ కదలాలి. మిల్లు రోడ్డు పట్టాల దగ్గర కారు ఆపి, నల్ల పుస్తకం గుండెకు హత్తుకుని నిలబడ్డాడు. బస్సొచ్చింది, ఆగింది, తలుపు తెరుచుకుంది. రైలు కూత కోసం చెవులు రిక్కించిన డ్రైవరుకు ముసలాయన కేక వినిపించింది.

"టిలరీ! బాబూ, దిగు! నిన్నెవరూ తీసెయ్యలేదు!"

వెనక సీట్లో టిలరీ తలెత్తాడు. ఒళ్ళో ఎర్రట్ట పుస్తకం తెరిచి ఉంది. "మీరు ఏరివేత ఉద్యోగి కారా?"

"రిటైరైన స్కూలు బస్సు డ్రైవర్ని. కోచ్ అంటే మా బావమరిది. చొక్కా మా ఆవిడది. అంటే, మా ఆవిడ కొన్నది. తప్పంతా నాది బాబూ, నన్ను తిట్టు, కానీ ముందు బస్సు దిగు."

టిలరీ తిట్టడానికే నోరు తెరిచాడు. బస్సంతా వినడానికి సిద్ధపడింది. కానీ అతని చూపు పుస్తకంలోని పేజీ మీద పడింది. "ఇది మీరే రాశారా? 'నలభై మూడు. బంతి తన దగ్గర లేనప్పుడు కూడా చివరిదాకా పరిగెత్తుతాడు. ఎవరూ చూడటం లేదు. నేను చూస్తున్నాను.'"

"నేనే."

"మా అమ్మకి ఫోన్ చేసి ఏడ్చేశాను సర్, మీ వల్ల" అన్నాడు టిలరీ, సంచీ భుజాన వేసుకుంటూ. "మళ్ళీ చెయ్యాలి. ఫోనుకి చిల్లరుందా?"

వాళ్ళు కాలేజీ గేటు చేరేసరికి పన్నెండూ ఇరవై. లోపలి నుంచి పెల్ గారు చెమటలు కక్కుతూ ఎదురొచ్చారు. ఒకే రంగు చొక్కాలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

"టిలరీ! తొమ్మిదింటి నుంచి నీ కోసమే తిరుగుతున్నాను. కోచ్ రమ్మంటున్నాడు. పుస్తకం తీసుకురా."

టిలరీ సంచీ కింద పడింది. ఆల్బర్ట్ అతని ముందుకొచ్చి, "తప్పు నాదండీ, కావాలంటే నన్ను పంపించెయ్యండి" అన్నాడు.

"మిమ్మల్ని ఎక్కడికి పంపమంటారు?" అన్నారు పెల్ గారు విసుగ్గా. "తొమ్మిదింటికి ఈ అబ్బాయిని ఇంటికి పంపమన్న మాట నిజమే. మనిషి దొరికితేగా? ఈలోగా రెండో వరసలో పరిగెత్తే కొత్తవాడు, బార్లో అనే అబ్బాయి, ఎవరో ఏరివేత మనిషి వచ్చాడని కిటికీలోంచి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు పరిగెత్తడానికి మనుషుల్లేరు. టిలరీ, సాయంత్రానికి ముప్ఫై పేజీలు బట్టీ పట్టాలి. నీ పుస్తకమేదీ?"

ఆల్బర్ట్ రెండు చేతులతో నల్ల పుస్తకం అందించాడు. అది వెచ్చగా ఎందుకుందో పెల్ గారు అడగలేదు.

టిలరీ జట్టులో నిలిచాడు. యాభై ముగ్గురి జాబితాలో పేరు చూసి ఆల్బర్ట్ వంటింట్లో డొలోరెస్‌తో డాన్సు చేశాడు. కానీ ఇర్మా పిన్ని కట్టుబాటు కట్టుబాటే. పన్నెండింటికి పుస్తకం చూపించలేదు కాబట్టి ఆల్బర్ట్ ఓడాడు. జీన్ పన్నెండింటికి ఐదు నిమిషాల ముందు పుస్తకం చూపించాడు గానీ, అందులో రాసుకున్న పేరు కాలు విరగ్గొట్టుకున్న ఆ బార్లోది. ఆ సంవత్సరం చర్చి తిరునాళ్ళలో బావా బావమరుదులిద్దరూ క్లీవ్‌లాండ్ చొక్కాలు తొడుక్కుని పిరోగీలు వడ్డించారు. ఫొటోలు డొలోరెస్ తీసింది.

వరసలో పళ్ళెం పట్టుకుని టిలరీ కూడా వచ్చాడు. ఆల్బర్ట్ గర్వంగా చూస్తుండగా ఎర్రట్ట పుస్తకం అడిగి తీసుకుని, ఆగస్టులో బాకీపడ్డ సంతకం పెట్టాడు. ఈసారి పరిగెత్తలేదు. అవతలి బల్ల దగ్గర జీన్ గరిట ఊపుతూ, "బావా, ఆ అబ్బాయిని ఇటు రమ్మను, మోకాలు చూడాలి!" అని కేకేశాడు.

"బాబూ, కోచ్..." అని ఆల్బర్ట్ మొదలుపెట్టగానే ఇర్మా పిన్ని వేడివేడి పిరోగీ ఒకటి ఆయన నోట్లో కుక్కింది.

అప్పటి నుంచి ఆ ఊళ్ళో జీన్‌ను అందరూ జీన్ అనే పిలుస్తున్నారు.