తడిసిన వడ్లకు లైవ్ భాగ్యం

అకాల వర్షం రైతుకు నష్టమని ఎవరన్నారండీ? పక్కన టీవీ రిపోర్టర్ ఉంటే అంతకు మించిన అదృష్టం లేదు! నమ్మకపోతే కోరుట్ల దగ్గరి వడ్ల కొనుగోలు సెంటర్ ముచ్చట వినండి.

ప్రకాశ్ ఓ న్యూస్ ఛానల్ రిపోర్టర్. సిరిసిల్లలో మగ్గాలు ఆగితే ఉరికాడు. జగిత్యాల రోడ్డు మీద లారీ బోల్తా పడితే ఉరికాడు. అయినా రాష్ట్రమంతా చూసే లైవ్ ఒక్కటీ దక్కలేదు. ఏం చేస్తాడు పాపం? తను చేరేసరికి బాధితులు ఏడుపు ఆపి చాయ్ తాగుతుంటారు. జనానికి ఆ మాత్రం బాధ్యత ఉండొద్దూ!

ఓ రోజు వాన మొదలైంది. "తడిసిన ధాన్యం చూపించు, లైవ్ తీసుకుంటాం" అని ఛానల్ నుంచి ఫోన్. ప్రకాశ్ బైక్ మీద సెంటర్‌కు ఎగిరొచ్చాడు. తీరా చూస్తే, రైతులంతా కుప్పల మీద పరదాలు కప్పేశారు. ఒక్క గింజ తడవలేదు. ఎంత అన్యాయం!

"చిన్నయ్య కాకా, నీ పరదా జర తియ్యరాదే!"

"నీ మైకు మీద పోస్త నీళ్లు. గదే చూపెట్టుకో, పో!"

మిగిలింది సొంత తల్లి మల్లవ్వ కుప్ప.

"అవ్వా, రెండే నిమిషాలు. టీవీల చూస్తే సర్కారు కదులుతది."

"ఎండబోసి ఎండబోసి నా నడుములు పోయినయి కొడుకా! తడిస్తే ఎవడు కొంటడురా?" అంటూనే, కొడుకు టీవీలో కనబడతాడని పరదా అంచు వదిలేసింది. ప్రకాశ్ దాన్ని పక్కకు లాగేశాడు.

వాన జోరందుకుంది. ప్రకాశ్ చెవిలో స్టూడియో పలికింది: "లైన్లో ఉండు. హీరో గారి కుక్కపిల్లకు బారసాల నడుస్తోంది."

రాష్ట్రానికి ఏది ముందో మీరే చెప్పండి! కుక్కపిల్లకు పేరు పెట్టేదాకా ప్రకాశ్ కదల్లేదు. కుప్ప కింద నీళ్లు కాలువ కట్టాయి. మల్లవ్వ గింజలను కొంగులోకి ఎత్తుకుంటూనే ఉంది.

ఎట్టకేలకు యాంకర్ లైన్లోకి వచ్చింది. "ప్రకాశ్, అక్కడి రైతులు ధాన్యం మీద పరదాలు ఎందుకు కప్పుకోలేదు?"

ప్రకాశ్ తల్లి వైపు చూశాడు. కెమెరా వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"రైతుల్లో అవగాహన కొరవడింది."

మల్లవ్వ కొంగు జారవిడిచింది. "నిజమే సారూ! నిన్ను కన్ననాడే నాకు అవగాహన లేకపాయె."

ఆ మాట మీకు వినబడలేదు. అప్పటికే ప్రకటనలు మొదలయ్యాయి.

తర్వాత ఆ వడ్లకు మొలకలొచ్చాయి. మొలకల మీద ఛానల్ ఇంకో లైవ్ అడిగింది. ఈసారి ఎవరినీ బతిమాలే పని కూడా లేదు!

ఒకే కుప్పకు రెండు లైవ్‌లు! ఇంకేం కావాలి ఆ వడ్లకు, కొనేవాడు తప్ప?