దడకు కారణం మా ఆవిడే

మీరే న్యాయం చెప్పండి. స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపేవాణ్ణి. కింద కరిగిన ఉక్కు, పైన నేను. అలాంటివాడికి మెడికల్ చెకప్‌లో గుండెదడ ఉందని తేలితే ఊరుకుంటారా? మళ్ళీ పరీక్షకు రమ్మన్నారు. అప్పుడూ దడ ఉంటే క్రేన్ మీంచి దింపేసి, స్టోర్లో బోల్టులు ఏరుకోమంటారట.

దడ ఎందుకొస్తుంది? మా ఆవిడ మధులత వల్ల. సెక్టర్ ఆరులో మా క్వార్టరంతా కలిపి మూడు గదులు, ఆమె గొంతు మూడు వీధులకు సరిపోతుంది. దుమ్ముకు ముక్కు దిబ్బడేస్తే నేనో చిన్న స్ప్రే కొట్టుకుంటాను. దానికీ రభసే.

"ఏటండీ, పొద్దస్తమానం ముక్కులో ఆ సీసాయేనా?" అంటుంది.

ముక్కు నాది, గాలి దేవుడిది. మధ్యలో ఈవిడ పెత్తనమేమిటి?

అందుకే ఒక ఉపాయం పన్నాను. డాక్టరు చేతే చెప్పించి ఈమెను కొన్నాళ్ళు నందిని అనే గనుల ఊళ్ళో ఉన్న వాళ్ళ తమ్ముడింటికి పంపేద్దామని. ఆ లక్ష్మీప్రసాద్ గనుల్లో రాళ్ళు పేలుస్తాడు కాబట్టి వాణ్ణి మేం బారూద్, అంటే మందుగుండు, అంటాం. అక్క వస్తోందని నేను ఫోన్లో చెప్పగానే ఆ బారూద్ తడిసిపోయాడు.

పరీక్ష రోజున మధులత కూడా వెంట బయల్దేరింది. మంచిదే, రోగకారణాన్ని డాక్టరు కళ్ళారా చూస్తాడనుకున్నాను.

తెలుగు రాని ఆ డాక్టరుకు హిందీలో ఏకరువు పెట్టాను. పొద్దున్న లేస్తే ఈవిడ, పడుకోబోతే ఈవిడ. ఆవేశానికి ముక్కు బిగుసుకుంది. మాట ఆగకూడదు కదా! జేబులోంచి స్ప్రే తీసి, ఈ ముక్కులో రెండు, ఆ ముక్కులో రెండు కొట్టి మళ్ళీ అందుకున్నాను.

డాక్టరు పెన్ను పక్కన పెట్టాడు. "దిన్ మే కిత్నీ బార్?"

రోజుకెన్నిసార్లో నాకేం తెలుసు? ఊపిరి ఎవడైనా లెక్కపెట్టుకుంటాడా?

మా ఆవిడ నోరు విప్పలేదు. కాపురానికొచ్చాక అదే మొదటిసారి. అరవాల్సిన చోట అరవదు చూడండి.

ఆ మందు అతిగా వాడితే ముక్కుతో ఆగదట, గుండెనూ తరుముతుందట. ఏ భయమూ లేకపోయినా పులిని చూసినట్టు ఒళ్ళంతా కంగారు పడుతుందట. పులి నా పక్కనే కూర్చుందని చెప్పబోయి ఆగాను.

స్ప్రే మానేసి పదిహేను రోజులకు రమ్మన్నాడు. దడ తగ్గితే క్రేన్ నాదేనట. అయితే నా మాట మీద నమ్మకం లేదట! సీసా లాక్కుని మా ఆవిడ చేతిలో పెట్టాడు. అన్నాళ్ళూ నన్ను వదిలి ఎక్కడికీ వెళ్ళొద్దని ఆమెకు మరీ మరీ చెప్పాడు.

బయటికొచ్చాక సీసాను హ్యాండ్‌బ్యాగులో వేసి జిప్పు లాగింది.

"మా తమ్ముడు నాకు ముందే అన్నీ చెప్పీసాడు. ఇప్పుడు మీరే ఫోన్ చేసీండి, అక్క ఇప్పట్లో రాదని."

చేశాను. అవతల బారూద్ గాడు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. అదీ రెండు ముక్కులతోనూ!