ఇంటిపేరు లేని అలర్ట్

ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, మన దీవుల్లో ఇకమీదట ఏ కంప్యూటర్ ప్రోగ్రామూ ఇంటిపేరు లేకుండా తిరగరాదు. తిరిగినట్టు కనబడితే దాన్ని తొలగించే అధికారం పోర్ట్ బ్లెయిర్‌లోని ద్వీప ప్యాకేజీ భాండాగార సంఘానికి ఉంది. ఈ ఘనమైన నిర్ణయం ఎలా జరిగిందో, దానివల్ల జనానికి ఎంత మేలు ఒరిగిందో వివరించడం నా ధర్మం. ఆ సభలన్నిటికీ నేను హాజరయ్యాను. సమోసాలు ఏ రోజూ తక్కువ కాలేదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒకరు రాసిన ప్రోగ్రాం మరొకరు వాడుకోవడానికి వీలుగా మూటగట్టి పెడితే అది ప్యాకేజీ. పేరు చెప్పి అడిగితే ఆ మూట తెచ్చి ఇచ్చే గుమాస్తా ప్యాకేజీ మేనేజర్. ఈ గుమాస్తా కూడా ప్రోగ్రామే కాబట్టి చాయ్‌పానీ అడగడు. అందుకే మన ఆఫీసుల్లో అతనికి అంత గౌరవం లేదు. మెయిన్‌లాండులో ఈ మూటలు ఇంటర్నెట్టు మీద క్షణంలో దిగుతాయి. మన ఇంటర్నెట్టు శాటిలైటు దయ. మబ్బు పడితే దానికి జలుబు చేస్తుంది. అందుకని సునామీ వచ్చిన పదేళ్లకు పెద్దలు మేలుకుని, విపత్తులో అక్కరకొచ్చే ప్రోగ్రాములన్నీ ఊళ్లోనే ఉండాలని తీర్మానించి, గోల్ ఘర్ పేటలో ఒక గది తీసుకుని, అందులో ఒక కంప్యూటరూ ఒక ఏసీ పెట్టారు. కాంట్రాక్టు శంకరరావు గారిది. సునామీ బాధితులకు రేకుల ఇళ్లు కట్టించిన అనుభవం ఆయనకుంది. ఆ ఇళ్లలో మనుషులు ఉడికిపోయారని కొందరు గొణిగారు గాని, కంప్యూటరు మాత్రం ఇవాళ్టికీ చల్లగానే ఉంది.

ఆ భాండాగారంలోకి మొదట వచ్చిన పనికొచ్చే ప్యాకేజీ, తెలుగు జాలర్లుండే బతు బస్తీ ప్రమోదది. ఆమె గరికిన సూరయ్య అనే చేపల వేటగాడి కూతురు. సునామీ నాడు హట్ బేలో తల్లి సీతాలును అల తీసుకుపోయింది. ముందుగా చెప్పేవాళ్లు ఒక్కరుంటే అమ్మ బతికేదన్న మాట పట్టుకుని ఆ పిల్ల కంప్యూటర్ చదువు చదివింది. సముద్రం మీద గాలి లేస్తోందని కబురు రాగానే పడవవాళ్ల ఫోన్లు మోగేట్టు ఒక ప్రోగ్రాం రాసింది. రాతలో పంపితే లాభం లేదు. పడవవాళ్లలో పెద్దలకు చదువు రాదు. కుర్రాళ్లకు చదువు వచ్చినా తెలుగు అక్షరం రాదు. అందుకని తన గొంతే పెట్టింది. "అయ్యా, భయ్యా, గాలి లేస్తంది. వల సుట్టీసి జల్దీ ఒడ్డుకొచ్చీండి." దానికి 'అలర్ట్' అని పేరు పెట్టింది. సూరయ్య అది విని, "ఇది మా గుంట గొంతు" అని కూతురి గురించి పడవపడవకీ చెప్పుకున్నాడు.

అప్పుడే శంకరరావు గారి అమ్మాయి హిమబిందు కూడా ఒక ప్రోగ్రాం రాసింది. ఫీనిక్స్ బేలో ఓడ టికెట్ల కౌంటరు తెరిచారని అది చెబుతుంది. దాని పేరూ 'అలర్ట్'. ఎవరి తొందర వాళ్లకి అలర్టే కదా. గుమాస్తా పాపం ఏం చేస్తాడు? ఒకే పేరుతో రెండు మూటలుంటే ఆఖరున వచ్చింది తీసి ఇస్తాడు.

ఒక రోజు మధ్యాహ్నం గాలి హెచ్చరిక వచ్చింది. భాండాగారంలోని యంత్రం గుమాస్తాను 'అలర్ట్' అడిగింది. సముద్రం మీద ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారి మోగి, "టికెట్ కౌంటర్ తెరవబడినది, త్వరపడండి" అన్నాయి. ఈ దీవుల్లో టికెట్ ఇస్తున్నారంటే పెళ్లిపీటల మీదివాడైనా లేస్తాడు. ఓడ ఎక్కడికన్నది తరవాతి సంగతి. పడవలన్నీ వలలు వదిలి ఫీనిక్స్ బే వైపు తిరిగాయి. తీరా వెళితే కౌంటరు మూసి ఉంది.

"ఏటి భయ్యా, టికెట్లన్నారు గదా, బంద్ పెట్టీసినారేటి?" అని సూరయ్య కిటికీ తట్టాడు.

"గాలి చూడట్లేదా? ఓడలన్నీ క్యాన్సిల్" అన్నాడు లోపలివాడు.

"గాలా? మాకెవులూ సెప్పనేదే!" అన్నాడు సూరయ్య, చేతిలో చేపల బుట్టతో.

సముద్రం మీద ఒక్క మనిషి మిగల్లేదు, ఒక్క ప్రాణం పోలేదు. సంఘం వెంటనే సమావేశమై, హెచ్చరిక వ్యవస్థ నూటికి నూరుపాళ్లు పనిచేసిందని ప్రకటించింది. శంకరరావు గారికి శాలువా కప్పారు.

ప్రమోద మాత్రం ఆ సభలో లేచి నిలబడింది. "సార్, ఈసారి అదృష్టం బాగుంది. మా బస్తీలో నూకన్నలు నలుగురున్నారు. మైలపల్లి నూకన్న, వాసుపల్లి నూకన్న అని ఇంటిపేరుతో పిలుస్తాం. ఒకరి చేప ఇంకొకరింటికి పోదు. ప్యాకేజీలకి కూడా అలాగే ముందు ఒక పేరుండాలి. నేమ్‌స్పేస్ అంటారు. నాది 'గరికిన అలర్ట్', హిమబిందు దీదీది 'టికెట్ల అలర్ట్'. రెండూ దేని దారిన అది ఉంటాయి. ఇది పేరు తగువు కాదు సార్. మా అయ్య రోజూ ఏటకెళ్తాడు."

ఈ మాటలకు సంఘాధ్యక్షులు గణేశ్వరరావు గారు చలించిపోయారు. ఆయన ఉపన్యాసం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "సోదరులారా! ప్రపంచమంతా ఇంటిపేరు వెనక తగిలించుకుంటోంది. మన తెలుగువాళ్లు ముందు పెట్టుకున్నారు. ఎందుకు? నేమ్‌స్పేస్ వస్తుందని మన పూర్వీకులకు ముందే తెలుసు! కంప్యూటరు లేకపోవడం వల్ల వాడలేదు గాని!" హాలు దద్దరిల్లింది. నా పక్కాయన కళ్లు తుడుచుకున్నాడు. పూర్వీకుల ప్రతిభకు నివాళిగా అందరూ లేచి నిలబడ్డారు. ప్రమోద అప్పటికే నిలబడి ఉంది కాబట్టి ఆమెను ఎవరూ గమనించలేదు.

ఇక ఇంటిపేర్ల పంపిణీ మొదలైంది. సునామీ తరవాత ఇళ్లస్థలాల పంపిణీలో ఆరితేరిన ఊరికి ఇదొక లెక్కా? ఓడలవాళ్లు 'ఓడలు' అనే పేరు కోరారు. రేవు లేనిదే ఓడ ఎక్కడ ఆగుతుందని రేవువాళ్లు అడ్డుపడ్డారు. రాజీ కుదిర్చేసరికి ఆ పేరు 'పరిపాలన, రేవు, ఓడలు, టికెట్లు, రెండో కౌంటరు' అని సాగింది. దాన్ని టైపు కొట్టే ఉద్యోగి మధ్యలో ఒకసారి టీకి వెళ్లివస్తాడు. సంఘ సభ్యులు దేవేంద్ర గారు కొడుకుల పేరిట, కోడళ్ల పేరిట, ఇంకా పుట్టని మనవల పేరిట నేమ్‌స్పేసులు పట్టా చేయించుకున్నారు. వాటిలో ఒక్క ప్రోగ్రామూ లేదు. ధర పెరిగాక చూద్దామంటున్నారు. ఇక ఇంటిపేరు అవసరమే లేకుండా ఉత్త 'అలర్ట్' అని పిలిపించుకునే గౌరవం ఎవరికివ్వాలన్న ప్రశ్న వచ్చింది. భాండాగారం కట్టించినవారికే, అంటే శంకరరావు గారి అమ్మాయి ప్రోగ్రాముకే అని ఏకగ్రీవంగా తేలింది. ఊళ్లో పెద్దమనిషిని ఇంటిపేరుతో ఎవరు పిలుస్తారు?

ప్రమోద దరఖాస్తు దగ్గర చిక్కొచ్చింది. నేమ్‌స్పేస్ కావాలంటే ఆఫీసు ముద్ర ఉండాలి. ఆమెకు ఆఫీసు లేదు. ప్యాకేజీ పేరు మార్చుకుంటానంది; ఒకసారి నమోదైన పేరు మార్చడం మోసమని నిబంధన. పోనీ భాండాగారంతో పనిలేకుండా తనే కబురు పంపుకుంటానంది. సునామీ తరవాత పుకార్లతో జనం బెదిరారు కనుక ప్రైవేటు హెచ్చరికలు నిషేధం. అయినా సంఘం దయగలది. ఆఫీసూ ముద్రా లేనివాళ్లందరికీ కలిపి ఒక ఇంటిపేరు ప్రసాదించింది: 'ఇతరులు'.

ఆ ఇంట్లో ప్రమోదతోపాటు చీటీపాటలు నడిపే రమణయ్య చేరాడు. సిమెంటు కొట్టు తిరుమలేష్ చేరాడు. అందరి ప్యాకేజీ పేరూ 'అలర్ట్'. మళ్లీ ఒకే పేరుతో మూడు మూటలు! ప్రమోద పరుగెత్తుకుంటూ వచ్చింది.

"సార్, 'ఇతరులు' లోపల కూడా మాకు వేరేవేరే పేర్లివ్వండి. ఇదివరకటిలాగే అయిపోయింది."

గణేశ్వరరావు గారు కళ్లజోడు తీసి నవ్వారు. "అమ్మా, ఇతరుల్లో మళ్లీ హెచ్చుతగ్గులా? మీరంతా సమానం. సమానత్వాన్ని మేం చెడగొట్టం బేటీ."

ఆ పిల్ల ఏడ్చింది. సంఘం దాన్ని ఆనందబాష్పాలుగా నమోదు చేసింది.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం సూరయ్య, వాసుపల్లి నూకన్న ఒకే పడవలో వేటకి వెళ్లారు. గాలి హెచ్చరిక వచ్చింది. యంత్రం 'ఇతరులు అలర్ట్' అని అడగ్గానే గుమాస్తా 'ఇతరులు' ఇంట్లోకి వెళ్లి, ఆఖరున చేరిన 'అలర్ట్' తెచ్చిచ్చాడు. అది తిరుమలేష్‌ది. "సిమెంటు బస్తా ధర రేపటి నుంచి పెరుగును. నేడే కొనండి" అన్నాయి ఫోన్లు. ఆ సాయంత్రం కోస్టు గార్డువాళ్లు నూకన్నను మాత్రం తీసుకొచ్చారు.

రేవులో దుప్పటి కప్పుకుని నూకన్న చెప్పిన మాట నేనే విన్నాను. "పోను మోగింది బాబూ. సూరయ్య ఎత్తి యిన్నాడు. మబ్బు నల్లగుంది, ఎల్లిపోదాం అన్నాను నేను. 'గాలొస్తే మా గుంట సెప్పదేటి? సెప్పనేదంటే భయం నేదు. ఇంకొక్క సుట్టు వలేద్దాం' అన్నాడు."

ప్రమోద అక్కడే ఉంది. ఆ మాట ఆమె చెవిన పడకుండా ఉండాల్సింది.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. విపత్తులో మరణించినవారి పేరిట ఆఫీసు ముద్ర లేకున్నా నేమ్‌స్పేస్ ఇవ్వవచ్చని ఎవరో నిబంధన చూపించారు. ఇంకేం, 'గరికిన సూరయ్య' అన్న నేమ్‌స్పేస్ ఆ క్షణమే మంజూరైంది. ప్రారంభోత్సవం పెద్ద హాల్లో జరిగింది. తెరమీద ఆ పేరు బంగారు అక్షరాలతో వెలిగింది. ప్రమోదను వేదిక మీదకి పిలిచి శాలువా కప్పారు.

ఆమె మైకు దగ్గరకొచ్చి ఒక్కటే అడిగింది. "సార్, ఇప్పుడైనా ఇందులో నా అలర్ట్ పెట్టొచ్చా?"

గణేశ్వరరావు గారు నొచ్చుకున్నారు. "ఇది స్మారకం కదమ్మా. ఇందులో ప్రోగ్రాములు పెట్టి మీ నాన్నగారి పేరు పాడుచేస్తామా? ఖాళీగా, పవిత్రంగా ఉంచుతాం."

మనమంతా చప్పట్లు కొట్టాం. నేను మూడో వరుసలో ఉన్నాను, మీరు నా వెనకే ఉన్నారు.

మిగతా పడవలవాళ్లకు గాలి కబురు ఇంకా 'ఇతరులు' ఇంటి నుంచే రావాలి. నూకన్న మళ్లీ వేటకి వెళుతున్నాడు. ఎవరికీ అన్యాయం జరగదనీ, అర్హత వచ్చినవెంటనే, సూరయ్యకిచ్చినట్టే, ఒక్కొక్కరికీ సొంత ఇంటిపేరు ఇస్తామనీ సంఘం హామీ ఇచ్చింది.