వెనక నుంచి పిలవకూడదు

శనివారం పొద్దున పదకొండున్నరకి భానుమతి బ్యాగు సర్దడం మూడోసారి మొదలుపెట్టింది. మొదటి రెండుసార్లూ ఆమె పెట్టినవాటిలో సగం రంగనాథ్ తీసి మంచం మీద పడేశాడు. మఫ్లరు, దోమల బత్తీ, బీపీ మాత్రలు, చిన్న డబ్బాలో పులిహోర, ఒక టార్చిలైటు, అది వెలక్కపోతే ఇంకో టార్చిలైటు, అన్నిటికీ అడుగున ఒక నల్ల గొడుగు.

ఢిల్లీలో నవంబరు నెలలో పొగ పడుతుంది గానీ వాన పడదు. ఆ మాటే చెప్పి రంగనాథ్ గొడుగు తీసి పక్కన పెట్టాడు.

"ఒక్క రాత్రికి ఇంత సామానా, భానూ?"

"ఒక్క రాత్రనే అందరూ చెప్తారు," అని ఆమె గొడుగు మళ్ళీ లోపల పెట్టింది. ఆయన మళ్ళీ తీశాడు.

రంగనాథ్ కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ముప్ఫై నాలుగేళ్ళు జలమార్గాల ఫైళ్ళు చూశాడు. అన్నేళ్ళలో పడవల గురించి ఎన్ని నోట్లు రాశాడో లెక్క లేదు, పడవ మాత్రం ఎక్కలేదు. రిటైరై ఇందిరాపురంలో ఫ్లాటు కొనుక్కుని స్థిరపడ్డాక ఆ లోటు ఆయన్ని కూర్చోనివ్వలేదు. సాకేత్‌లో ఆఫీసున్న ఒక పడవల క్లబ్బులో చేరి, మూడు నెలలు తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాడు. ఇవాళ ఆఖరి పరీక్ష. సోహ్నా దాటాక కొండల మధ్య ఉన్న రిజర్వాయరులో, ఒక మనిషి పడుకునేంత గది ఉన్న చిన్న పడవని ఒంటరిగా తీసుకెళ్ళి, లంగరు వేసి, రాత్రంతా దాంట్లోనే ఉండి పొద్దున్నే తిరిగి రావాలి. సాయానికి ఎవరూ ఉండకూడదు. ఫోను కూడా కట్టేసి శిక్షకుడికి ఇచ్చెయ్యాలి.

భానుమతి చదివింది ఐదో తరగతి. తక్కిన చదువంతా పొట్లాల కాగితాల మీదా, పాత పత్రికల్లోనూ తనంతట తనే నేర్చుకుంది. లంగరు వెయ్యడం గురించి ఆదివారం పుస్తకాల బజారులో ఒక పాత ఇంగ్లీషు పుస్తకం కొని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, రోజుకి రెండు పేజీల చొప్పున పూర్తిచేసింది. నీళ్ళ లోతుకి ఏడింతలు గొలుసు వదలాలనీ, లంగరు పట్టిందో లేదో ఒడ్డున గుర్తులు పెట్టుకుని చూడాలనీ ఆమెకి కంఠస్థం. రంగనాథ్ ఆ పుస్తకం తెరవలేదు. తనకి ప్రాక్టికల్ వచ్చు కదా అన్నాడు.

బయల్దేరే వేళకి పక్క ఫ్లాటు ఉమారాణి పాల ప్యాకెట్లు పట్టుకుని లిఫ్టు దగ్గర్నుంచి ఎదురొచ్చింది. అనుకోకుండా రావడం కాదు. ఈ ఇంట్లో ఎవరు ఊరెళ్ళినా భానుమతి ముందురోజే చెప్పి ఆమెని ఎదురు రప్పించుకుంటుంది. కరీంనగర్ పిల్ల, నలభై దాటినా భానుమతికి పిల్లే. రంగనాథ్ "వెళ్ళొస్తా" అన్నాడు. ఎవరూ తుమ్మలేదు. అన్నీ సరిగ్గానే జరిగాయి.

పావుగంట తర్వాత ఊడుస్తుంటే, చెప్పుల స్టాండు కింద వేలెడంత ఇనుప పిన్ను కనిపించింది.

భానుమతి చీపురు పట్టుకునే నేల మీద కూర్చుండిపోయింది. ఆ పిన్ను బొమ్మ పుస్తకంలో నలభై ఒకటో పేజీలో ఉంది. లంగరునీ గొలుసునీ కలిపే కడియానికి అడ్డంగా బిగించేది అదే. అది లేకపోతే లంగరు అడుక్కి పోతుంది, పడవ దాని దారిన అది పోతుంది. ఈయన వారం రోజులుగా బాల్కనీలో తాళ్ళూ కడియాలూ ముందేసుకుని సాధన చేస్తూనే ఉన్నాడు. వాటిల్లోంచే జారిపోయి ఉంటుంది.

ఉమారాణి ఫోను తీసింది. "ఒక్క ఫోన్ కొడితే అయిపోతది కదా, ఆంటీ."

"గుమ్మం దాటిన మనిషిని వెనక నుంచి పిలవకూడదమ్మా."

"పిలుస్తలేం కదా. ఫోను."

"ఫోనైతే మాత్రం? వెనకే కదా."

మెసేజి కూడా వెనక నుంచి వెళ్ళేదే. కారు డ్రైవరుకి చెయ్యడమంటే ఇంకొకరి నోటితో పిలవడం. ఇవన్నీ అయ్యాక ఒకటే దారి మిగిలింది. ఆయనకంటే ముందు వెళ్ళి, ఎదురుగా నిలబడి, పిన్ను చేతికివ్వాలి. భానుమతి తన ఫోను బల్ల మీద మర్చిపోయి, పిన్ను కొంగున ముడేసుకుని, ఉమారాణి కారెక్కింది.

ఆయన క్లబ్బు ఆఫీసులో కాగితాల మీద సంతకాలు పెట్టడానికి సాకేత్‌లో ఆగుతాడు. అక్కడ పట్టుకోవచ్చు. అయినా ముందు జాగ్రత్తగా ఉమారాణి కాలనీ తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజి పెట్టింది. 'రంగనాథ్ అంకుల్ బోటు ముఖ్యమైన పిన్ లేకుండా వెళ్ళింది. సోహ్నా వైపు ఎవరైనా ఉంటే చెప్పండి. అంకుల్‌కి దయచేసి ఎవరూ ఫోన్ చెయ్యకండి. ఆంటీకి అస్సలు చెయ్యకండి.' పెట్టి, ఫోనులో మ్యాపు తెరిచి, బండి తోలుతూ దృష్టి మళ్ళకూడదని గ్రూపు చప్పుడు ఆపేసింది.

సంఘం కార్యదర్శి దశరథ్ ఆ మెసేజి రెండుసార్లు చదివాడు. ఫోన్ చెయ్యొద్దని ఎప్పుడంటారో ఆయనకి ఆఫీసు రోజుల నుంచీ తెలుసు. అయినా నిర్ధారణ కోసం రంగనాథ్‌కి చేశాడు. స్విచాఫ్. భానుమతికి చేస్తే మోగి మోగి ఆగిపోయింది. పైకెళ్ళి చూస్తే రెండు ఫ్లాట్లకీ తాళాలు. మూడింటికల్లా గ్రూపులో నలభై మూడు జతల చేతులు జోడించి ఉన్నాయి. ఉగాది నాటి ఫొటోలో రంగనాథ్ చేతిలోని బొబ్బట్ల పళ్ళెం కత్తిరించి, మొహం మాత్రం పెద్దది చేయించారు. ఘాజీపూర్ పూల మండీ నుంచి దండ తెప్పించారు. సాయంత్రం ఏడు గంటలకి కమ్యూనిటీ హాలు బుక్కయింది.

సాకేత్ చేరేసరికి రంగనాథ్ శిక్షకుడితో కలిసి వెళ్ళిపోయి ఇరవై నిమిషాలైంది. తెల్ల కారు, అంతే తెలుసు. సోహ్నా రోడ్డు మీద ఉమారాణి మూడు తెల్ల కార్లని దాటింది. ప్రతి దాంట్లోనూ రిటైరైన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు గానీ, ఎవరూ రంగనాథ్ కాదు. ఒకాయన చెయ్యి కూడా ఊపాడు. ఆ హడావుడిలో ఒక ఫ్లైఓవరు ఎక్కబోయి ఇంకొకటి ఎక్కారు. ఆరు కిలోమీటర్లు పోయి తిరిగి రావాల్సి వచ్చింది.

"అసలు పిలిస్తే ఏమైతది, ఆంటీ?" అంది ఉమారాణి, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు.

భానుమతి కొంగు ముడి తడిమి చూసుకుంది. "మా అన్నయ్య పాపయ్య గొడుగు మర్చిపోయి వెళ్ళాడు. నాకప్పుడు పదమూడేళ్ళు."

"మీరు పిలిచిన్రా?"

భానుమతి కిటికీలోంచి బయటికి చూసింది. తప్పు అడిగానని ఉమారాణి అనుకుంది. సిగ్నలు పడగానే బండి ముందుకి పోనిచ్చింది.

వాళ్ళు చేరేసరికి పావు తక్కువ ఐదు. రంగనాథ్ అప్పటికే నీళ్ళ మధ్యకి వెళ్ళి, తెరచాప దించి, లంగరు వేసేశాడు. ఒడ్డు మీద కుర్చీలో శిక్షకుడు టీ తాగుతున్నాడు. పరీక్ష జరుగుతున్న మనిషి దగ్గరికి ఎవరూ పోకూడదని చెప్పాడు. అయితే అక్కడే సందర్శకుల కోసం హంస ఆకారంలో తొక్కుడు పడవలున్నాయి. టికెట్టు కొన్నవాళ్ళని ఆపే అధికారం ఆయనకి లేదు. ఆఖరి అరగంట రౌండుకి భానుమతి రెండు టికెట్లు తీసుకుంది.

ఇద్దరు ఆడవాళ్ళూ హంసలో కూర్చుని తొక్కారు. రంగనాథ్ పడవ వెనక భాగంలో కూర్చుని నోటుబుక్కులో ఏదో రాసుకుంటున్నాడు. ఎదురుగా పోవాలంటే చుట్టూ తిరిగి రావాలి. సగం చుట్టు తిరిగేసరికి పడవ మెల్లగా పక్కకి మళ్ళింది, మళ్ళీ ఆయన వీపు కనిపించింది. ఇంకో చుట్టు తిరిగారు. మళ్ళీ వీపే.

"దీనికి ముందేది, వెనకేది, ఆంటీ? నా మోకాళ్ళు పోయినయ్."

"లంగరేసిన పడవ గాలికే మొహం పెట్టి నిలబడుతుంది," అంది భానుమతి. కొంగు ఎటు ఎగురుతోందో చూసుకుని, ఈసారి గాలి వచ్చే వైపు నుంచి పోనిచ్చింది.

రంగనాథ్ తలెత్తేసరికి ఎదురుగా హంస మెడా, దాని పక్కన భార్యా ఉన్నారు. ఆయన కంగారు పడలేదు. ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు. "భానూ, ఇక్కడికి పర్మిషన్ లేదు," అన్నాడు.

ఆమె కొంగు ముడి విప్పి పిన్ను చాపింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

"ఇది మన బాల్కనీలో బట్టలారేసే కప్పీది. నూనె రాద్దామని నిన్న తీశాను. లంగరు పిన్ను దాని చోట అదే ఉంది, తీగ చుట్టి మరీ బిగించాను." కాస్త ఆగి అడిగాడు. "పొద్దున తడి బట్టలేమీ వెయ్యలేదు కదా?"

తెల్ల దుప్పటి ఆరేసి వచ్చానని ఆమె చెప్పలేదు. వెళ్ళొస్తామని మాత్రం చెప్పింది.

తిరిగి వస్తుంటే ఉమారాణి ఇక తొక్కలేనంది. సందర్శకుల హద్దు కోసం నీళ్ళలో కట్టిన ఎర్ర డ్రమ్ము దగ్గర ఆగి, దాని తాడు పట్టుకుని కూర్చుంది. భానుమతి వెనక్కి తిరిగి చూసింది. వెళ్ళేవాళ్ళని కనుమరుగయ్యేదాకా చూడటం ఆమెకి మొదట్నుంచీ అలవాటు. రంగనాథ్ పడవ తెరచాప స్తంభం, అవతలి ఒడ్డున ఉన్న పంపుహౌసు తలుపుకి సరిగ్గా ఎదురుగా ఉంది. ఆయన వీళ్ళకి వీపు పెట్టి పులిహోర డబ్బా తెరుస్తున్నాడు. కొంచెంసేపటికి స్తంభం పంపుహౌసు గోడ చివరికొచ్చింది. పడవ ఊగితే గుర్తులు తప్పుతాయి, మళ్ళీ కలుస్తాయి. అది పుస్తకంలో ఉంది. ఆమె ఓపికగా చూసింది. ఇవి కలవడం లేదు. స్తంభం పంపుహౌసుని వదిలేసి రిజర్వాయరు కట్ట రాళ్ళ వైపు పోతోంది. గాలి పెరిగింది, లంగరు జారుతోంది, ఆయన పులిహోర తింటున్నాడు.

"తొక్కు, ఉమా. ఎదురుగా పోదాం."

"నా వల్ల కాదు, ఆంటీ. నిజంగ కాదు."

భానుమతి ఒక్కతే తొక్కబోయింది. హంస ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. కట్ట రాళ్ళకీ పడవకీ మధ్య ఇంకా నలభై గజాలుందేమో. ఆమె పెదాల మీద ఎన్నడో అమ్మ అడ్డం పెట్టిన అరచెయ్యి ఇంకా ఉన్నట్టే ఉంది, దాని పసుపు వాసనతో సహా. ఆమె నోరు తెరిచింది, మూసుకుంది. స్తంభం ఇంకో జానెడు జరిగింది.

"ఏమండీ!"

రంగనాథ్ వెనక్కి తిరిగాడు.

"లంగరు జారుతోంది. గొలుసు చాల్లేదు, వదలండి."

"ఎంత?"

"అంతా."

ఆయన డబ్బా మూతపెట్టి ముందుకి వెళ్ళాడు. గొలుసు గలగలమంటూ నీళ్ళలోకి పోయిన చప్పుడు వీళ్ళదాకా వినిపించింది. పడవ కొంత వెనక్కి పోయి, ఒక్కసారి ముక్కు కిందికి వంచి, ఆగింది. హంసల వాడు ఈల వేసి పిలిచేదాకా భానుమతి చూస్తూనే ఉంది. స్తంభం కదల్లేదు. ఒడ్డు మీద శిక్షకుడు టీ గ్లాసు కింద పెట్టి ఏదో రాసుకున్నాడు.

వాళ్ళు ఇందిరాపురం చేరేసరికి ఎనిమిదిన్నర. కమ్యూనిటీ హాలు నిండా జనం. భానుమతిని చూడగానే అందరూ లేచి నిలబడ్డారు. దశరథ్ ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని ముందు వరస కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎదురుగా బల్ల మీద దండ వేసిన ఫొటో ఉంది. దాని కింద పరిచిన తెల్ల దుప్పటి తనదేనని ఆమె గుర్తుపట్టింది. అది మధ్యాహ్నం ఎక్కణ్ణుంచో దశరథ్ బాల్కనీలో పడిందట. భగవంతుడే పంపాడనుకున్నాడట.

"ఆయన బాగానే ఉన్నారండీ," అంది భానుమతి. "ఈపాటికి పడుకుని ఉంటారు."

"అవునమ్మా," అన్నాడు దశరథ్. "ప్రశాంతంగా."

జరిగింది ఉమారాణి రెండు భాషల్లో మూడుసార్లు చెప్పాక గానీ సభకి అర్థం కాలేదు. కొందరికి సంతోషం కలిగింది. దశరథ్‌కీ కలిగింది. కాకపోతే రెండు పేజీల సంతాప ప్రసంగం జేబులో ఉండిపోయింది. ఎలాగూ అందరూ వచ్చారు, టీ కూడా వచ్చింది, అందులో మంచి మాటలే ఉన్నాయి, చదవమంటారా అని భానుమతినే అడిగాడు. ఆమె చదవమంది. ఆయన చదివాడు. భర్తలో అన్ని సుగుణాలున్నాయని ఆమెకి అప్పుడే తెలిసింది.

ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు. ఆదివారం పొద్దున తొమ్మిదీ నలభైకి రంగనాథ్ ఇంటికొచ్చాడు. పరీక్ష మాత్రం పోయింది. లంగరు బాగా పట్టింది గానీ ఒంటరిగా వెయ్యలేదని శిక్షకుడు రాశాడు. రెండు వారాల తర్వాత మళ్ళీ రమ్మన్నాడు.

రెండు వారాల తర్వాత భానుమతి మళ్ళీ బ్యాగు సర్దింది. రంగనాథ్ మళ్ళీ గొడుగు తీసి మంచం మీద పెట్టాడు. ఈసారి గొలుసు ఏడింతలు వదులుతానని మాటిచ్చి, "వెళ్ళొస్తా" అని లిఫ్టెక్కాడు. కింద ఉమారాణి పాల ప్యాకెట్లతో ఎదురొచ్చింది. ఆయన గేటు దగ్గరికి చేరుతుండగా, అయిదో అంతస్తు బాల్కనీలోంచి, బ్లాకంతా వినపడేలా పిలుపొచ్చింది.

"ఏమండీ. గొడుగు."

ఉమారాణి పాలు పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయింది. రంగనాథ్ ఆగాడు, పైకి చూశాడు, ఏమనుకున్నాడో మళ్ళీ లిఫ్టెక్కి వచ్చి గొడుగు తీసుకున్నాడు. వాన పడలేదు. మర్నాడు పది గంటలకి ఒక చేతిలో సర్టిఫికెట్టూ, ఇంకో చేతిలో గొడుగూ పట్టుకుని తిరిగొచ్చాడు.

పాపయ్య 1977 నవంబరు 18, శుక్రవారం పొద్దున, ఉప్పెనకి ముందురోజు, పామర్రు నుంచి దివిసీమకి వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఆ రోజు అతన్ని వెనక నుంచి ఎవరూ పిలవలేదు.