సామూహిక వ్యక్తిగత వివాహం

"సామూహిక వివాహాలు పాతబడిపోయాయి. ఇకపై మేము చేసేవి సామూహిక వ్యక్తిగత వివాహాలు" అని వర్షపాత సమన్వయ శాఖ మంత్రి గారు అనంతపురంలో విలేకరులను పిలిచి ప్రకటించారు. అది రెండు వేల మూడో సంవత్సరం. ఆ ఏడు సమన్వయం చేయడానికి వర్షపాతం లేకపోవడంతో మంత్రి గారికి పెళ్ళిళ్ళు చేసే తీరిక దొరికింది.

నూటొక్క జంటలకు ఒకే పందిట్లో పెళ్ళి చేస్తే అది వ్యక్తిగతం ఎట్లా అవుతుందని ఒక విలేకరి లేచి అడిగాడు.

"ఒక్కో మనిషికి ఒక్కో పెళ్ళే కదా చేస్తున్నాం? ఒకే మనిషికి నూటొక్కటి చేయడం లేదు కదా?" అన్నారు మంత్రి గారు. విలేకరులు రాసుకున్నారు.

ఆ పెళ్ళిళ్ళకు ప్రధాన పురోహితుడిగా నన్ను ఎంపిక చేశారు. కంబదూరు చుట్టుపక్కల ఇరవై రెండేళ్ళుగా పెళ్ళిళ్ళు చేయిస్తున్నాను. జంటను బట్టి పెళ్ళి జరిపించడం ఎలాగో చెప్పమని, ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఇప్పుడు నన్ను అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక, జరిగింది జరిగినట్టు ఈ పత్రికలో రాస్తున్నాను. కావలసిన చిట్కా కావలసినవాళ్ళు ఏరుకోవచ్చు.

మొదటి పని, జంట గురించి తెలుసుకోవడం. అందుకోసం మంత్రి గారి పి.ఏ. వెంకటేశులు ఒక ఫారం అచ్చు వేయించాడు. వధూవరుల పేర్లు, తల్లిదండ్రుల వివరాలు, "మీ ప్రత్యేకత", "పెళ్ళిలో మీ కోరిక". పెళ్ళికి మూడు రోజుల ముందు, పేరిచ్చిన వాళ్ళందరినీ కూర్చోబెట్టి మేమిద్దరం ఫారాలు నింపించాం.

"నీ ప్రత్యేకత ఏమప్పా?" అని వెంకటేశులు మొదటి పెళ్ళికొడుకును అడిగాడు.

"బోరు వేసినా. నీళ్ళు పడలే" అన్నాడతను.

"నీదో?"

"రెండు బోర్లు వేసినాను అన్నా. రెండిట్లోనూ పడలే."

సాయంత్రానికి అందరి ప్రత్యేకతా ఒకటేనని తేలింది. వెంకటేశులు తల పట్టుకున్నాడు. అయితే అతను సామాన్యుడు కాడు. టీ తాగివచ్చి, ఫారాలను నాలుగు కట్టలు కట్టాడు. గొర్రెలు మేపేవాళ్ళు ప్రకృతి ప్రేమికులు. కూలికి బెంగుళూరు పోయేవాళ్ళు ప్రయాణ ప్రియులు. ఒంటిపూట తినేవాళ్ళు మితాహారులు. ఏ పనీ లేక వాన కోసం చూస్తున్నవాళ్ళు ఆకాశ పరిశీలకులు. ఒక్కో కట్టకు ఒక్కో ప్రసంగం టైపు చేయించాడు. ఆకాశ పరిశీలకులే ఎక్కువగా ఉండటంతో వాళ్ళ ప్రసంగాన్ని జిరాక్స్ తీయించాల్సి వచ్చింది.

సప్తపదిని కూడా అతనే సంస్కరించాడు. ఒక్కో అడుగుకు మంత్రి గారి ఒక్కో పథకం పేరు చెప్పాలన్నాడు. పథకాలు ఎనిమిది ఉన్నాయి. అడుగులు ఎనిమిదయ్యాయి. మంత్రి గారు మరో పథకం ఆలోచిస్తున్నారని తెలిసి, తొమ్మిదో అడుగుకు కూడా పందిట్లో చోటు వదలమని నేనే సలహా ఇచ్చాను.

కోరికల విషయంలో ఇబ్బంది రాలేదు. చాలామంది "మీ ఇష్టం సామీ" అన్నారు. ఒక్క అమ్మాయి మాత్రం పెన్ను తానే తీసుకుని రాసింది. ఆమె పేరు జయంతి. పదో తరగతి పాసైన పిల్ల. ఆమెను చేసుకోబోయే ఓబులేష్ బెంగుళూరులో సెంట్రింగు పని చేస్తాడు, అంటే ప్రయాణ ప్రియుడు. పెళ్ళయిన రెండో రోజే ఇద్దరూ బండెక్కాలి. కరువు మూలంగా ఆ పెళ్ళి అప్పటికే రెండుసార్లు ఆగింది.

తండ్రి వివరాలు అన్న చోట జయంతి ఇట్లా రాసింది: "నరసింహప్ప. లేడు. పోయిన సంవత్సరం శనక్కాయ పంట ఎండిపోతే చేనులో పురుగుల మందు తాగి చనిపోయినాడు." కోరిక అన్న చోట: "మా నాయన పేరు మైకులో చదవాలి. ఎట్ల పోయినాడో అది కూడా చదవాలి."

"పెళ్ళిలో అదంతా ఎందుకమ్మా?" అన్నాను.

"విచారణకు వచ్చినాయన కడుపునొప్పితో పోయినాడని రాసుకున్నాడు సామీ. ఊరంతా చూసినారు, ఎవరూ కాదనలే. మా అమ్మ అప్పట్నుంచి తిరుగుతాండాది, కాయితం మారలే. ఒక్కసారన్నా మంది ముందర నిజం చదివితే సాలు. నాకింగేమీ వద్దు."

ఆ అధికారి తప్పు రాశాడని నేననను. పురుగుల మందు తాగినవాడికి కడుపు నొప్పి పుడుతుంది కదా. కానీ ఇరవై రెండేళ్ళలో నేను చూసిన నిజమైన వ్యక్తిగత కోరిక అదొక్కటే. "చదువుతాను తల్లీ" అని మాటిచ్చాను. పక్కనున్న ఆమె తల్లి చిన్నక్క నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

ఆ ఫారం చూడగానే వెంకటేశులు ముఖం మాడిపోయింది.

"ఏం సామీ, నన్ను ఇంటికి పంపేస్తావా? కరువుతో ఈ మండలంలో ఒక్క రైతూ సావలేదని మంత్రి గారు రాతపూర్వకంగా చెప్పినారు. ఆయన పక్కనే కూర్చుని నువ్వు మైకులో ఇది చదువుతావా?"

"పోయినవాడి పేరు ముందు కీర్తిశేషులు అని చదవడం పద్ధతి కదప్పా."

"కీర్తిశేషులంటే ఎట్ల పోయినాడని ఎవడో ఒకడు అడుగుతాడు. అసలు పోకుంటే అడగరు కదా?"

నేను శాస్త్రం చదువుకున్నవాణ్ణి. ఇంత సూటిగా ఆలోచించడం మాకు రాదు.

పెళ్ళిరోజు వచ్చింది. కంబదూరు బయట పదెకరాల బీడులో పందిరి వేశారు. "పంట ఉండుంటే ఇంత పెద్ద పందిరి వేయగలిగేవాళ్ళమా?" అని మంత్రి గారి అనుచరులు గర్వంగా చెప్పుకున్నారు. చిక్కల్లా జంటల దగ్గర వచ్చింది. నూటొక్కటి అని పత్రికల్లో వచ్చేసింది, వచ్చినవి అరవై మూడు. వెంకటేశులు చుట్టుపక్కల ఊళ్ళకు ట్రాక్టర్లు పంపించి, ఇదివరకే పెళ్ళయినవాళ్ళను ఎక్కించుకుని వచ్చాడు. కొత్త పంచె, కొత్త చీర ఇస్తామంటే చాలామంది ఒప్పుకున్నారు.

ఒప్పుకోనిది అంజనమ్మ అనే ఆమె ఒక్కతే. ఆమె భర్త నాగప్ప అప్పటికే కొత్త పంచె కట్టుకుని, నుదుట బాసికం కట్టించుకుని పీట మీద కూర్చున్నాడు. వాళ్ళకు మనవళ్ళున్నారు.

"రామ్మా, వచ్చి కూర్చో" అన్నాను.

"ఈ మనిషిని ఒకసారి చేసుకున్నా కదా సామీ, సాలదా?" అని చీర అక్కడే పెట్టేసి ఆమె నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

నాగప్ప పీట మీద ఒంటరిగా మిగిలాడు. పంచె విప్పమంటే విప్పనన్నాడు. వెంకటేశులు అతని వంక కొంచెంసేపు చూసి, బాసికం ఊడదీసి, చెయ్యి పట్టుకుని పందిరి వెనక్కి తీసుకుపోయాడు.

ముహూర్తం తొమ్మిదీ ఇరవైకి, మిథున లగ్నం. మంత్రి గారు ఒంటిగంటకు వచ్చారు. ఎండకు ఇద్దరు పెళ్ళికూతుళ్ళు కళ్ళు తిరిగి పడిపోయారు. నేను మైకు అందుకుని, మిథునం కన్నా సింహ లగ్నం ఎంతో శక్తివంతమైనదనీ, మంత్రి గారి రాకతో ఆ లగ్నం మనకు దక్కిందనీ చెప్పాను. చప్పట్లు మోగాయి.

మంత్రి గారు ప్రతి జంట దగ్గరికీ స్వయంగా వెళ్ళారు. ఆయన జ్ఞాపకశక్తి అద్భుతం. ప్రతి పెళ్ళికూతురితోనూ "నిన్ను చూస్తే మా చెల్లెలు గుర్తొస్తోంది" అన్నారు. ఒక ఆకాశ పరిశీలకుడి ముందు మితాహారుల ప్రసంగం చదివారు గానీ ఆ పెళ్ళికొడుకు అభ్యంతరం చెప్పలేదు. అతను పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.

వేదిక మీదున్న జంటల్లో చివరిది జయంతి, ఓబులేష్‌లది. టీవీ వాళ్ళ కెమెరాలు ఆ పక్కే పెట్టారు. జయంతి తల వంచుకుని, చెవులు రిక్కించి కూర్చుంది. కింద మొదటి వరుసలో చిన్నక్క నిలబడి ఉంది. భర్త లేని మనిషి వేదిక ఎక్కకూడదని ఆమెను వెంకటేశులే కింద ఆపాడు.

"అమ్మాయి తండ్రి యాడ? కన్యాదానం చేయల్ల కదా, పిలవండి" అన్నారు మంత్రి గారు మైకులో.

వెంకటేశులు పందిరి వెనక నుంచి నాగప్పను తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టాడు. భుజాన కొత్త కండువా కూడా వచ్చి చేరింది. తర్వాత నా చేతిలో చీటీ పెట్టాడు. అందులో నరసింహప్ప అని మాత్రమే ఉంది. ముందూ ఏమీ లేదు, వెనకా ఏమీ లేదు.

నేను చీటీ చూశాను. మంత్రి గారిని చూశాను. చిన్నక్క వైపు చూడలేదు. "శ్రీ నరసింహప్ప గారి ఏకైక పుత్రిక, చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి జయంతి" అని గొంతెత్తి చదివాను.

జయంతి తలెత్తింది. ముందు నన్ను చూసింది. తర్వాత ఎదురుగా పళ్ళెం పట్టుకుని కూర్చున్న నాగప్పను చూసింది.

"ఎవురు నువ్వు?" అంది.

నాగప్ప ఇబ్బందిగా కదిలాడు. "నన్నేం అడగద్దమ్మా. కూర్చోమన్నారు, కూర్చున్నా."

ఆమె చెయ్యి చాచి, నా ముందున్న మైకును తన వైపు తిప్పుకుంది. "ఈయన మా నాయన కాదు. మా నాయన చేన్లో..."

మన పెళ్ళిళ్ళలో గట్టిమేళం ఎందుకు పెట్టారో కొత్తవాళ్ళకు తెలియదు. తాళి కట్టే వేళ అశుభమైన మాట ఏదీ చెవిన పడకుండా ఉండటానికి. పురోహితుడు చెయ్యెత్తితే చాలు, ఎంత పెద్ద మాటైనా అందులో మునిగిపోతుంది.

నేను చెయ్యెత్తాను.

డోళ్ళు, నాదస్వరాలు, వాటి మీద పార్టీ వాళ్ళ బ్యాండు ఒక్కసారి లేచాయి. జయంతి పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఎంతసేపు కదిలాయో నాకు బాగా గుర్తుంది గానీ అది చిట్కాల్లోకి రాదు. ఆఖరికి ఆమె నోరు మూసుకుంది. ఓబులేష్ తాళి పట్టుకుని, కట్టాలో వద్దో తెలియక ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. ఆమె మెల్లగా తల ఊపింది. అతను కట్టాడు.

మంత్రి గారు నాగప్పను కౌగిలించుకున్నారు. ఆనందం పట్టలేక పెళ్ళికూతురు ఏడుస్తోందని టీవీ అమ్మాయి చెప్పింది.

మేళం ఆగాక జయంతి నా కాళ్ళకు దణ్ణం పెట్టలేదు. మిగిలిన అందరూ పెట్టారు. చిన్నక్క నా దగ్గరికి వచ్చి, "సదివినావా సామీ? మేళంలో నాకు ఇనపడలే" అని అడిగింది. నేను అక్షింతలు చల్లే పనిలో పడ్డాను.

మర్నాడు పత్రికల్లో పెద్ద ఫోటో వచ్చింది. "కూతురి పెళ్ళి వేళ రైతు నరసింహప్పను అభినందిస్తున్న మంత్రి" అని కింద రాశారు. ఆ రోజు సాయంత్రమే జయంతి, ఓబులేష్ కళ్యాణదుర్గం వెళ్ళి బెంగుళూరు బస్సెక్కారు.

ఆ ఫోటో మంత్రి గారికి ఎంతగానో నచ్చింది. ఆగస్టులో ఆయన "కరువును జయించిన రైతు" అనే పురస్కారం ప్రకటించారు. మొదటి పురస్కారం నరసింహప్పకు వచ్చింది. నాగప్ప వెళ్ళి శాలువా కప్పించుకుని వచ్చాడు. ఎన్ని ఇబ్బందులొచ్చినా గుండె నిబ్బరంతో బతికి చూపించిన మనిషి అని మంత్రి గారు ఆయన గురించి పది నిమిషాలు మాట్లాడారట. అంజనమ్మ ఆ శాలువాను గడప లోపలికి రానివ్వలేదని విన్నాను.

ఇక కార్తీక మాసంలో వెంకటేశులు జీపు వేసుకుని మా ఇంటికి వచ్చాడు. ఒక కట్ట శుభలేఖలు నా ముందు పెట్టాడు. పురస్కారం పొందిన రైతు దంపతులకు మంత్రి గారు సొంతంగా షష్టిపూర్తి చేయిస్తున్నారు. మళ్ళీ పెళ్ళి, మళ్ళీ తాళి, పూర్తిగా వ్యక్తిగతం. రికార్డు ప్రకారం నరసింహప్పకు ఆ నెలలో అరవై నిండుతాయి.

"చిన్నక్కకు నువ్వే చెప్పు సామీ. నువ్వు చెప్తే ఇంటుంది" అన్నాడు.

నేను శుభలేఖ తీసుకుని వెళ్ళాను. చిన్నక్క ఇంటి ముందు కూర్చుని ఎవరి కోసమో శనక్కాయలు ఒలుస్తోంది. చదువు రాదు కాబట్టి నేనే చదివి వినిపించాను. ఈసారి మేళం లేదు. పేరు స్పష్టంగా వినబడింది. నరసింహప్ప, చిన్నక్క దంపతులు.

ఆమె చేతులు దులుపుకుని, కార్డు నా చేతిలో నుంచి తీసుకుని, రెండు వైపులా తిప్పి చూసింది. ఆ తర్వాత దాన్ని జాగ్రత్తగా కొంగుకు ముడివేసుకుంది.

"వాళ్ళకు ఆయన యాడుండాడో తెలిసినట్టుండాది" అంది. "అడిగి చెప్పు సామీ. నేనూ పోతా."