గంగాదాస్ మోకాలి నంబరు

పసుపు ఉడికించే పొయ్యి వెలిగించే రోజులొస్తే చాలు, గంగాదాస్‌కు మోకాళ్ల నొప్పులు మొదలవుతాయి. ఈ ఏడు మాత్రం వాటికో కాగితం కావాలనుకున్నాడు. ఆర్మూర్‌లో మోకాళ్ల మీద పరిశోధన చేస్తున్న డాక్టర్ కరుణశ్రీ క్యాంపు పెట్టింది. పొద్దుటి మూత్రం పరీక్షలో నంబరు ఎక్కువ వచ్చినవాళ్లకు ఉచిత వైద్యం, మూడు నెలలు బరువు పనులు చేయరాదని చీటీ. మూడు నెలలంటే పసుపు సీజన్ మొత్తం గట్టెక్కినట్టే. మూత్రం సీసా నింపి ఇచ్చేసి తొమ్మిదింటికల్లా మంచమెక్కాలని అతని పథకం.

సీసా చేతిలోకి వచ్చాక అతనిలోని రైతు మేల్కొన్నాడు. నిజామాబాద్ పసుపు యార్డులో నంబరు దేనికి ఎక్కువొస్తుంది? మంచి సరుక్కి. పసుపు నాణ్యత తేల్చే కుర్కుమిన్ పరీక్షకు ఎవడైనా పుచ్చు కొమ్ములు పంపుతాడా? ఇంట్లో మేలు రకం సరుకు తను కాదని గంగాదాస్‌కు బాగా తెలుసు. పొద్దంతా తట్టలు మోసినా ఒక్కనాడూ అబ్బా అనని భార్య మంగవ్వ ఉంది కదా! ఊరికే చెకప్ అని చెప్పి ఆమె చేత సీసా నింపించి, దానిమీద తన పేరు రాశాడు.

వారానికి ఫలితం వచ్చింది. క్యాంపు మొత్తంలో గంగాదాస్‌దే పెద్ద నంబరు. కరుణశ్రీ జాలిగా చూసి చీటీ ఇచ్చింది. అతను మీసం దువ్వి పుచ్చుకున్నాడు. నాలుగు రోజులు మంచం దిగలేదు. పలకరించడానికి వచ్చిన ఆలూర్ చుట్టాలకు నంబరు చెప్పుకుని మురిసిపోయాడు. మంగవ్వ తన పనీ, అతని పనీ చేసి, మధ్యలో అతని మోకాళ్లకు నూనె కూడా రాసింది. ఆ మహానుభావుడు రాయించుకున్నాడు.

ఐదో రోజు క్యాంపు నుంచి పిలుపు. మంగవ్వే వెంటబెట్టుకుని తీసుకెళ్లింది. ఎక్స్‌రే తీస్తే అతని మోకాళ్లు కొత్త ట్రాక్టరు టైర్లలా ఉన్నాయి. మూత్రం ఒకటి చెబుతుంటే ఎముక ఇంకోటి చెబుతోంది. ఇలాంటి కేసు ఎన్నడూ చూడలేదని, రెండు మోకాళ్లలోంచీ సూదితో నీళ్లు తీసి హైదరాబాద్ పంపాలని కరుణశ్రీ తేల్చింది. ఆ సూది పొడవు చూసేసరికి గంగాదాస్‌కు ముచ్చెమటలు పోశాయి.

"మేడమ్, జర ఆగుండ్రి. గా శాంపిల్ నాది కాదు. మా ఆమెది."

"ఆమెది ఎందుకిచ్చిండ్రు?"

"మంచి సరుకని ఇచ్చిన. నంబరు మస్తు ఎక్కువొస్తదని."

కరుణశ్రీ సూది పక్కన పెట్టింది. మోకాలి గుజ్జు అరిగేకొద్దీ దాని తునకలు మూత్రంలోకి దిగుతాయని, ఆ నంబరు అరుగుదల లెక్కేనని నిదానంగా చెప్పి, బయట కూర్చున్న మంగవ్వను పిలిచింది. మంగవ్వ గోడ పట్టుకుని లేచింది. ఆమె అలా లేవడం గంగాదాస్ ఎన్నిసార్లు చూశాడో, ఒక్కసారీ కంటికి ఆనలేదు. ఆమె దగ్గరికి వెళ్లాడు.

"ఎప్పటిసంది నొస్తున్నయే?"

"నాలుగేండ్లాయె."

"చెప్పొద్దా మరి?"

"ఒక్క ఇంట్ల ఎంతమందికి నొస్తయి? నీయి నొస్తనే ఉన్నయి గదా."

కరుణశ్రీ పాత చీటీ చింపి మంగవ్వ పేరున కొత్తది రాసింది. బరువులెత్తొద్దు, గొంతుక్కూర్చోవద్దు, చెప్పిన వ్యాయామాలు మానొద్దు, మూడు నెలలు పొయ్యి దగ్గరికి పోవద్దు. గంగాదాస్ ఆ చీటీని రెండు చేతులా పుచ్చుకుని, పనంతా తనే చూసుకుంటానని భార్యకు మాటిచ్చాడు.

ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది తెల్లవారుజామున నాలుగింటికని అతనికి మర్నాడు తెలిసింది.